కాగితం మీద గీత, బట్ట మీద గీత

1947 ఫిబ్రవరి 12న పారిస్‌లో క్రిస్టియన్ డియోర్ తన పేరిట తొలి దుస్తుల ప్రదర్శన పెట్టారు. సన్నని నడుము, గజాలకొద్దీ బట్టతో విచ్చుకున్న స్కర్టు చూసి, యుద్ధకాలపు కరువు ఎరిగిన జనం విస్తుపోయారు. ఒకప్పుడు ఆయన దుస్తుల బొమ్మలు గీసి అమ్ముకుని బతికినవారే. ఆయన కాగితం మీద గీస్తే, కత్తిరించి కుట్టేది వేరేవాళ్లు.

మన శ్రీకాళహస్తిలో నేరుగా బట్టమీదే గీస్తారు. కలంకారీ కళాకారులు కరక్కాయ, పాలు కలిపి, అందులో నూలుబట్టను తడిపి ఆరబెడతారు. చింతబరిక బొగ్గుతో బొమ్మ వేసుకుంటారు. ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీటిలో వెదురు కలం ముంచి దిద్దుతారు. కరక్కాయ తగిలి ఆ గీత నల్లబడుతుంది. ఇక చెరపడం కుదరదు. ఆ చేతి నిబ్బరానికి నేను చేతులెత్తి మొక్కుతాను. ఈ కళలో జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది.

ఫ్రాన్సుకు ఇలాంటి బట్టలు కొత్త కాదు. మన దేశపు రంగుల నూలుబట్టల మీద అక్కడ మోజు ఎంత పెరిగిందంటే, సొంత నేతగాళ్లను కాపాడుకోవడానికి 1686లో వాటిని నిషేధించారు. 1759 దాకా ఆ నిషేధం ఎత్తలేదు.