లాగు బలము, మోయు బలము

పొలమునకును, పనికిని, సంసారమునకును ఒక్క బండియే ఉపయోగపడవలెనను కోరిక నుండి పుట్టినది అమెరికా దేశపు పికప్పు ట్రక్కు. 1925లో ఫోర్డు కంపెనీ తన మోడల్ టి కారుకు వెనుక చిన్న తొట్టి నమర్చి, కర్మాగారము నుండియే అమ్మకమునకు పెట్టినది. నేడు టెక్సస్ మొదలగు రాష్ట్రములలో స్థిరపడిన మన తెలుగువారికిని ఇట్టి బండిపై మనసు పోవుట వింత కాదు. ఐదు దినములు ఉద్యోగమునకు పోవుటకు, సెలవునాడు పడవనో విడిది బండినో వెనుక తగిలించుకొని పోవుటకు అదియే చాలును. కొత్తదాని వెల హెచ్చు గనుక పలువురు పాతదానిని వెదకుదురు. అట్టివారికిని, వారి క్షేమము కోరు ఇక్కడి బంధువులకును పనికివచ్చు కొన్ని సంగతులు నేడు మనవి చేయుదును.

కొనబోవువారు మొదట అడుగు ప్రశ్న, ఇది ఎంత బరువు లాగును అని. అది తప్పు ప్రశ్న కాదు గాని, అది ఒక్కటియే చాలదు. లాగునది ఇంజను. మోయునవి ఇరుసులు, కమానులు, టైర్లు. ఆపునవి బ్రేకులు. వీనిలో ఏది ముందుగా అలసిపోవునో దాని శక్తియే ఆ బండి శక్తి.

ప్రకటనలలోని అంకె ఎట్లు పుట్టినదో కూడ తెలిసికొనవలెను. పూర్వము ఏ కంపెనీకి ఆ కంపెనీయే తనకు తోచిన పద్ధతిని ఆ అంకెను నిర్ణయించుకొనెడిది. తరువాత మోటారు ఇంజనీర్ల సంఘము జె 2807 అను ఉమ్మడి పరీక్షను ఏర్పరచినది. అరిజోనాలో డేవిస్ డ్యామ్ సమీపమున 11.4 మైళ్ల ఎగువ దారి కలదు. మండుటెండలో, లోపలి ఏర్‌కండిషనరు పూర్తిగా నడచుచుండగా, నిండు బరువుతో, గంటకు 40 మైళ్లకు తగ్గక పికప్పు ఆ దారి నెక్కవలెను. టొయోటా 2011 నమూనాలతోను, అమెరికా పెద్ద కంపెనీలు 2015 ప్రాంతమునను ఈ పద్ధతికి వచ్చినవి. కనుక అంతకు ముందటి బండి అంకెను తరువాతి బండి అంకెతో పోల్చరాదు. మరియు ఈ పరీక్షలో బండి యందు ఇద్దరే మనుష్యులు, ఒక్కొక్కరు 68 కిలోలు ఉన్నట్లు లెక్క. ఆలుబిడ్డలతో పోవు గృహస్థునకు ఆ లెక్క సరిపోదు.

ఎడ్లబండి తోలినవారికి ఒక రహస్యము తెలియును. బరువు వెనుకకు హెచ్చినచో కాడి పైకి లేచును. ముందుకు హెచ్చినచో ఎడ్ల మెడలు కుంగును. ట్రెయిలరు విషయమును అంతే. దాని మొత్తపు బరువులో నూటికి 10 మొదలు 15 వంతులు పికప్పు కొక్కెముపై ఆనవలెను. అంతకు తగ్గినచో, వేగమున ట్రెయిలరు పామువలె ఊగి ముందు బండినే దారి తప్పించును. అట్టి వేళ ముందు బండి బ్రేకును గట్టిగా త్రొక్కరాదు. ఆక్సిలరేటరు మీది కాలిని మెల్లగా తీసి, ట్రెయిలరు బ్రేకును మాత్రము చేతితో వేయవలెను.

కొక్కెముపై ఆనిన ఆ బరువును మోయునది పికప్పే. 2006 తరువాతి బండ్లలో డ్రైవరు తలుపు చెంత, మనుష్యులు సామానులు కలిసి ఇంతకు మించరాదని తెలుపు చీటీ ఉండును. దానిపై 680 కిలోలు అని యున్నదనుకొందము. నలుగురు మనుష్యులు 280, తొట్టిలో సామానులు 100. ఇక మిగిలినది 300. ట్రెయిలరు 3,000 కిలోలైనచో, నూటికి 12 వంతుల చొప్పున కొక్కెముపై 360 కిలోలు ఆనును. 4,000 కిలోలు లాగునని ప్రకటించిన బండియే, 3,000 కిలోల వద్ద తన హద్దు దాటినది! కావున బేరమాడుటకు ముందు ఆ చీటీ చదువుడు.

పాతబండిని ఎత్తున కాక, క్రిందనుండి చూడవలెను. ఉత్తర రాష్ట్రములలో మంచు కరగుటకై రోడ్లపై ఉప్పు చల్లుదురు. అది ఛాసీని తినివేయును. రంగు మెరయుచున్నను, ఛాసీ పొరలు పొరలుగా ఊడుచున్నచో ఆ బండి వలదు. గేరుబాక్సు నూనె మాడిన వాసన కొట్టినచో, పూర్వపు యజమాని శక్తికి మించి లాగించెనని అనుమానింపవలెను. 2017లో హార్వీ తుపాను హ్యూస్టన్ ప్రాంతమును ముంచినప్పుడు లక్షలాది వాహనములు నీట నానినవి. సీటు పట్టీలను పూర్తిగా లాగి, బురద చారలున్నవేమో చూడుడు. బండి 17 అక్షరముల సంఖ్యను బట్టి, కంపెనీ ఉచితముగా సరిచేయవలసిన లోపములు మిగిలియున్నవేమో ప్రభుత్వ సంస్థయే తెలుపును.

ఇక మార్పులు. గేరుబాక్సు నూనెను చల్లార్చు రేడియేటరు లేనిచో పెట్టించుట మంచిది. ట్రెయిలరుకు విద్యుత్ బ్రేకులు, వానిని నడుపు మీట తప్పనిసరి. టెక్సస్ లో 4,500 పౌన్లు, అనగా సుమారు 2,040 కిలోలు దాటిన ట్రెయిలరుకు బ్రేకులుండుట చట్టము. వెనుక ఇరుసుపై గాలి సంచులు అమర్చినచో బండి సమముగా నిలుచును. కాని చీటీపై నున్న అంకె ఒక్క కిలో కూడ పెరుగదు. పలువురు ఈ సంచులనే బలమని భ్రమింతురు.

అందము కొరకు బండిని ఎత్తు చేసి పెద్ద టైర్లు వేయించుట, లాగు పనికి శత్రువు. 31 అంగుళముల టైరు స్థానమున 35 అంగుళములది వేసినచో, 3.73 గల ఇరుసు గేరు 3.30 వలె పనిచేయును. ఇంజను శ్రమపడును, ఆగుటకు ఎక్కువ దూరము పట్టును. గట్టి కమానులు వేసినచో, తొట్టి ఖాళీగా నున్న ఐదు దినములును ఎముకలు కదలును. నాలుగు తలుపుల పికప్పు పొడవే సుమారు 19 అడుగులు. ఇంటి గరాజునకు పట్టునో లేదో ముందే కొలుచుకొనుడు.

ఏ మార్పునకైనను ఒక్కటియే పరీక్ష. అది బండిని ఆపుటకును, చల్లగా నుంచుటకును, నిలకడగా నడుపుటకును తోడ్పడుచున్నదా? తోడ్పడినచో ధనము వెచ్చింపుడు. లేనిచో ఆ సొమ్ముతో మంచి టైర్లు కొనుడు. ఆ టైర్లపైన ఆధారపడునది మీ కుటుంబమే కాదు, ఎదురుగా వచ్చు కుటుంబము కూడను.