పొర క్రింద ఏమున్నది?

 

ఈ వారం ఒక యౌవనస్థుడు ఉత్తరం రాశాడు. "అయ్యగారూ, నా దగ్గర పాత కారు ఒకటి ఉంది. దాని రంగు మార్చాలని నా కోరిక. ఇప్పుడు రబ్బరు పెయింట్ వచ్చింది. కొట్టించుకుని, వద్దనుకుంటే ఒలిచేయవచ్చు, క్రింద అసలు రంగు అలాగే ఉంటుంది అంటున్నారు. మా సంఘపెద్ద మాత్రం ఇది లోకాశ, వేషధారణ అని గద్దించాడు. ఇది తప్పా?" ఇదీ అతని ప్రశ్న. నవ్వుకుని పక్కన పెట్టవలసిన ఉత్తరం కాదిది. ఎందుకో తర్వాత చెబుతాను. ముందు ఈ రబ్బరు పూత సంగతి తెలియని శ్రోతల కోసం కొంచెం వివరించాలి.

అమెరికాలో మిన్నెసోటా అనే రాష్ట్రం ఉంది. అక్కడ 1972లో ప్లాస్టి డిప్ అనే ద్రవం అమ్మకానికి వచ్చింది. అది కార్ల కోసం చేసినది కాదు. పట్టకార్లు, స్క్రూడ్రైవర్ల పిడులు చెయ్యి జారకుండా ఆ ద్రవంలో ముంచి ఆరబెట్టుకునేవారు. డిప్ అంటేనే ముంచడం కదా! ఆరిన తర్వాత మెత్తటి రబ్బరు తొడుగులా పట్టుకుంటుంది. తరువాత అది స్ప్రే డబ్బాలలో వచ్చింది. కుర్రవాళ్ళు కారు చక్రాల రిమ్ముల మీద కొట్టి చూశారు, బాగుంది. 2010 దాటేసరికి అక్కడ మొత్తం కారుకే కొట్టడం ఒక పెద్ద సరదాగా మారింది. కారును లీజుకు తీసుకున్నవారికి ఇది మరీ సౌకర్యం. తిరిగి అప్పగించే రోజున పొర ఒలిచేస్తే సరి.

ఎలా కొడతారు? ముందు కారును శుభ్రంగా కడగాలి. పాలిష్, మైనం, జిడ్డు ఏ మాత్రం మిగిలినా పొర సరిగా అంటుకోదు. లైట్లకు, నంబరు ప్లేటుకు టేపు, కాగితం అంటిస్తారు. మొదటి కోటింగు మంచు పట్టినట్టు పలుచగా కొట్టాలి, అడుగు రంగు సగం కనబడుతూనే ఉండాలి. తొందరపడి ఒక్కసారే మందంగా కొడితే కారిపోతుంది. పావుగంటో ఇరవై నిమిషాలో ఆగి రెండవది, మరల ఆగి మూడవది, ఇలా ఐదారు కోటింగులు. మధ్యరకం కారుకు మూడు నాలుగు గ్యాలన్లు, అంటే పదకొండు నుండి పదిహేను లీటర్ల వరకు పడుతుంది. చివరి కోటింగు తడిగా ఉండగానే టేపు లాగేయాలి. ఆరాక లాగితే టేపుతో పాటు అంచు చిరిగిపోతుంది.

మన ఆత్రేయపురం వైపు మామిడి తాండ్ర ఎలా చేస్తారో చూసినవారికి ఇది సులువుగా అర్థమౌతుంది. చాప మీద రసం పలుచగా పరచి, ఎండనిచ్చి, దాని మీద మరొక పొర, దాని మీద మరొకటి. పొరలు చాలినన్ని ఉంటే తాండ్ర చాప నుండి ఒకే ముక్కగా లేచి వస్తుంది. పలుచగా ఉంటే గోటికి చిక్కి చిక్కి ముక్కలుగా ఊడుతుంది. ఈ రబ్బరు కూడా అంతే. పలుచని పూతను ఒలవలేకపోతే, దాని మీద మరి రెండు కోటింగులు కొట్టి, ఆరాక ఒలుస్తారు. తీసేయడానికి ముందు ఇంకా వేయాలి, చిత్రంగా లేదూ!

దీనికి బలహీనతలు కూడా ఉన్నాయి. ట్యాంకు మూత దగ్గర పెట్రోలు ఒలికితే ఆ చోట పొర కరిగి పాడవుతుంది. గట్టి ముల్లు గీసుకుంటే చిరుగుతుంది. బాగా చూసుకుంటే మూడేళ్ళ వరకు నిలుస్తుంది. ఎండలో ఏళ్ళ తరబడి వదిలేస్తే గట్టిపడి, ఒలవడమే కష్టమౌతుంది. ఇదంతా ఒక ఎత్తు, అసలు బలహీనత ఒక ఎత్తు. ఈ పొర సొట్టను పూడ్చదు, తుప్పును మాన్పదు. క్రింద ఉన్న పెయింటు గట్టిగా ఉన్నంతవరకే ఇది శుభ్రంగా ఒలుస్తుంది. క్రింది పెయింటు రేకును వదిలేస్తూ ఉంటే, పొర ఆ పెయింటునే పట్టుకుని లేచి వస్తుంది.

ఈ మాట నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. నా సొంత అనుభవం, కొంత నా సొంత తప్పు కూడా.

2017లో పల్లెల్లోని సంఘాలకు వెళ్ళిరావడానికి ఒక పాత కారు కొన్నాను. ముదురు నీలం, మెరుపు లేని రంగు. చూడగానే మనసు పడింది. ఇంజను చూశాను, టైర్లు చూశాను, బేరమాడాను. ఆర్‌సిలో రంగు దగ్గర తెలుపు అని ఉంది. అమ్మినాయన ఏమీ దాచలేదు, "ఇది పైపూత అండీ, ఒలిస్తే తెలుపే" అన్నాడు. నేను తల ఊపాను. తెలుపు మీద నీలం ఎందుకు వేయించారని ఒక్క మాట అడగలేదు.

మరుసటి ఏడాది వానలకు వెనుక చక్రం పైన పొర అంచు లేచింది. మా అమ్మాయికి అప్పుడు ఏడేళ్ళు. పిల్లలకు ఊడేది ఏది కనబడినా చెయ్యి ఊరుకోదు కదా. "నాన్నా, ఇదిగో ఊడుతోంది!" అని సంతోషంగా లాగింది. జానెడు ముక్క వచ్చింది. నీలంతో పాటు క్రింది తెలుపు కూడా వచ్చింది. దాని క్రింద పుట్టీ, పుట్టీ క్రింద ఎర్రగా తుప్పు. లేచిన అంచులోంచి లోపలికి పోయిన వాననీరు ఆరే దారి లేక అక్కడే నిలిచి, ఉన్న తుప్పును ఇంకా పెంచింది.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డుకు తీసుకువెళ్ళాను. పెయింటింగ్ మేస్త్రీ బొటనవ్రేలితో నొక్కాడు. పుట్టీ పొడిపొడిగా రాలింది. జేబులోంచి పాత స్పీకరు అయస్కాంతం ముక్క తీసి కారు చుట్టూ ఆనించుకుంటూ వచ్చాడు. మంచి రేకు ఉన్నచోట టక్కున అంటుకుంది. వెనుక డోరు క్రింది భాగంలో, ఆ చక్రం పైన జారిపోయింది. "ఇక్కడ రేకు కంటే పుట్టీ ఎక్కువుంది అయ్యగారూ. ఎప్పుడో గట్టిగా గుద్దించారు" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయాలంటే మీకు ఖర్చు. పైన ఇంకో ఐదు కోటింగులు కొట్టేస్తాను, రెండు రోజుల పని. వానలు తగ్గాక అమ్మేయండి. మీరు పాస్టరు గారు, మీ బండి అంటే ఎవరూ ఏమీ అడగరు" అన్నాడు.

శ్రోతలారా, ఆ చివరి మాట నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు. కోపం వచ్చి కాదు. ఆ మాట నాకు నచ్చింది. ప్రతి ఆదివారం పుల్పిట్ ఎక్కి సత్యము గురించి చెప్పే మనిషికి ఆ మాట నచ్చింది. ఆ కారు మీద ఉన్నది ఒక్క రబ్బరు పొరే కాదు, నా తెల్లచొక్కా కూడా ఒక పొరే అని ఆ మేస్త్రీ నాకంటే ముందు కనిపెట్టాడు. ఇరవై ఏళ్ళ సేవలో సంపాదించుకున్న మంచిపేరును తుప్పు మీద కోటింగుగా కొట్టడానికి నేను లెక్కలు వేసుకుంటున్నాను.

మూడవ రోజు ఉదయం నా భార్య కాఫీ ఇస్తూ, "ఏమండీ, ఆ తుప్పు మన పిల్ల చూసింది కదా. మళ్ళీ పూత వేయిస్తే దానికి ఏమని చెబుతారు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఆ చోటు తెరిచి ఉంచే కారును అమ్మకానికి పెట్టాను. ముగ్గురు వచ్చారు. వచ్చిన ప్రతివారికి ఊడిన చోటు చూపించాను, అయస్కాంతం చేతికిచ్చాను. ముగ్గురూ వెళ్ళిపోయారు. అందులో ఒకాయన మన సంఘపు సహోదరుడే. వెళ్తూ వెళ్తూ, "మీరు చెప్పకపోతే కొనేసేవాణ్ణి అయ్యగారూ" అన్నాడు. మెచ్చుకున్నాడో, జాలిపడ్డాడో ఇప్పటికీ తెలియదు. చివరికి కారు అమ్ముడుపోలేదు. చేతిలో డబ్బు పడినప్పుడల్లా కొంచెం కొంచెం పని చేయించాను. పొరంతా ఒలిపించి, కుళ్ళిన రేకు కోయించి, కొత్తది వేయించేసరికి ఏడు నెలలు పట్టింది. వెనుక డోరు తెలుపు, మిగతా తెలుపుతో ఈ రోజుకీ కలవలేదు.

ఇప్పుడు ఆ తమ్ముడి ప్రశ్నకు వస్తాను. తమ్ముడూ, రంగు మార్చుకోవాలనుకోవడం పాపము అని నేను చెప్పను. మీ సంఘపెద్ద మీద గౌరవముంచే చెబుతున్నాను, పూత పూసిన ప్రతిదీ వేషధారణ కాదు. నోవహు ఓడకు లోపలా బయటా కీలు పూశాడు. మోషే తల్లి జమ్ముపెట్టెకు జిగటమన్ను, కీలు పూసి అందులో బిడ్డను పెట్టింది. ఆ పూతే లేకపోతే ఆ పసివాడు నీటిపాలు. అది కాపాడే పూత. అయితే యెహెజ్కేలు ప్రవక్త మరొక పూత గురించి కూడా చెప్పాడు. కూలబోయే గోడను కట్టి, దాని మీద గచ్చు పూసి, బాగున్నదని జనాన్ని నమ్మించిన వారి సంగతి అది. వాన వచ్చినప్పుడు ఆ గోడ ఏమైందో మీరే చదువుకోండి, పదమూడవ అధ్యాయము. ఓడకు పూసినదీ పూతే, గోడకు పూసినదీ పూతే. క్రింద ఉన్న చెక్క గట్టిదా, గోడ గట్టిదా అన్నదే తేడా.

కాబట్టి ముందు ఒక అయస్కాంతం పట్టుకుని కారు చుట్టూ తిరుగు. ఎక్కడైనా జారిపోతే, రంగు సంగతి పక్కన పెట్టి ఆ చోటు బాగు చేయించు. కొత్తగా పెయింటు వేయించినదైతే, అది పూర్తిగా గట్టిపడేదాకా కనీసం నెల రోజులు ఆగు.

ఆర్‌సి సంగతి కూడా ఉంది. ఒలిచేసే పొరే కదా అని చాలామంది దీన్ని వదిలేస్తారు. మన దేశంలో ఆర్‌సిలో రంగు కూడా రాసి ఉంటుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం, 52వ సెక్షను ప్రకారం ఆర్‌సిలో ఉన్న వివరాలకు, బండికి తేడా రాకూడదు. అందుచేత రంగు మార్చకముందే ఆర్టీవో కార్యాలయంలో అడిగి, మార్పు రాయించుకో. ఇన్సూరెన్సు వారికి కూడా తెలియజేయి. ఇంగ్లండులో ఉన్న మన తెలుగువారికైనా ఇదే, రంగు మారితే డివిఎల్‌ఏకు చెప్పవలసిందే. ఇదేదో కాగితాల చాదస్తం అనుకోవద్దు. రోడ్డు మీద ఎవరినో గుద్ది పారిపోయిన బండిని చూసినవాడు నంబరు చూడలేకపోయినా ముందు చెప్పేది రంగే. పడి ఉన్నవాని భార్యాపిల్లలకు ఆ ఒక్క మాటే ఆధారం కావచ్చు.

ఇంకొకటి, దీని గురించి ఎవరూ మాట్లాడరు. ఆ ద్రవంలో టొలుయీన్, నాఫ్తా వంటివి ఉంటాయి. వాటి ఆవిరి తలకెక్కుతుంది, నిప్పురవ్వకు భగ్గుమంటుంది. తలుపులు మూసిన షెడ్డులో కొట్టకూడదు, దగ్గరలో బీడీ, వెల్డింగ్ ఉండకూడదు. మన షెడ్లలో స్ప్రే గన్ పట్టుకునే కుర్రవాడు ముక్కుకు జేబురుమాలు కట్టుకుంటాడు. ఆ గుడ్డ ఆవిరిని ఆపదు. బొగ్గు డబ్బాలు అమర్చిన మాస్కు కావాలి. నీ కారుకు రంగు వేసే కుర్రవాడికి అది లేకపోతే, నీ ఖర్చుతో కొనిచ్చి అప్పుడు పని మొదలుపెట్టమను. అతని ఊపిరితిత్తుల మీద పట్టినదాన్ని ఒలిచేయలేము.

ఏ రంగు అనుకుంటున్నావో నీవు ఉత్తరంలో రాయలేదు. ఆలివ్ పచ్చ మాత్రం వద్దు, మన దేశంలో అది సైన్యం బండ్లకు మాత్రమే. మిగిలినవాటిలో నీకు నచ్చినది వేయించుకుని, ఒకసారి ఇటు వచ్చినప్పుడు తీసుకురా. మా వెనుక డోరు పక్కన నిలబెట్టి చూద్దాము.

సమయము ముగిసింది. వచ్చే వారం ఇదే సమయానికి మరల కలుసుకుందాము.