పెళ్ళి ఊరిదైతే, అప్పు ఒక్క ఇంటిదెందుకు?

(మండల ఆదివాసీ యువత సమావేశంలో మాట్లాడిన మాటలు. చదవడానికి వీలుగా అక్కడక్కడా సర్ది రాశాను.)

 

నాకంటే ముందు మాట్లాడిన వాళ్ళు పోడు పట్టాల గురించి, కొట్టేసిన జీవో నంబర్ 3 గురించి మాట్లాడారు. నన్నేమో పెళ్ళి ఖర్చుల గురించి మాట్లాడమన్నారు. వెనకాల కొందరు తమ్ముళ్ళు నవ్వుతున్నారు. నవ్వండి, పర్లేదు. మీ పెళ్ళిళ్ళ గురించే కాబట్టి వినండి కూడా. ఇది భూమి గురించిన మాటే. ఎట్లాగో చెప్తాను.

ఏజెన్సీలో మన భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1959లో రెగ్యులేషన్ వచ్చింది. దాన్ని 1970లో గట్టిగా సవరించారు. మనం వన్ ఆఫ్ సెవెంటీ అంటాం. అమ్మకమే కాదు, తనఖా పెట్టినా, కౌలుకిచ్చినా అది బదిలీ కిందికే వస్తుంది. కాగితం మీద మన భూమికి ఇంత కాపలా ఉంది. మరి పట్టా మన పేరు మీదుండి, నాగలి వేరేవాళ్ళది ఎందుకైంది? రాత్రికి రాత్రి ఎవరూ వచ్చి లాక్కోలేదు. చాలా ఇళ్ళల్లో అది అప్పుతో మొదలైంది. షావుకారు దగ్గర చేబదులు తీసుకున్నాం. వడ్డీ కట్టలేక పంట ఆయనకే తూచాం. అదీ చాలక, "రెండేళ్ళు నువ్వే దున్నుకో" అని చేను ఇచ్చాం. రెండేళ్ళు పదేళ్ళయినయి.

ఆ అప్పులు ఎందుకు చేశామో చూడండి. ఆసుపత్రికి ఒకటి, విత్తనం ఎరువులకు ఒకటి, పెళ్ళికి ఒకటి. జ్వరం మనల్ని అడిగి రాదు. వానా మన మాట వినదు. ఈ మూడింట్లో మన చేతిలో ఉన్నది పెళ్ళి ఒక్కటే. అందుకే దాని గురించి మాట్లాడుకోవాలి.

మన పెద్దవాళ్ళు పెళ్ళి ఎట్లా చేశారో ఇక్కడున్న అమ్మలకు తెలుసు. పందిరికి నేరేడు కొమ్మలు అడవి నుంచి వచ్చేవి. కొమ్మలు కొట్టేది ఊరి మగపిల్లలు. ఇంటింటి నుంచి బియ్యం వచ్చేవి. ఒకరు మేకపోతు ఇస్తే, ఇంకొకరు కోళ్ళు తెచ్చేవాళ్ళు. అడ్డాకు విస్తర్లు ఆడవాళ్ళు కూర్చుని కుట్టేవాళ్ళు. డోలు కొట్టేది మన మామలే, కొమ్ములు కట్టుకుని ఆడేది మన బాబాయిలే, రేలా పాటలు పాడేది మన అక్కచెల్లెళ్ళే. పెళ్ళివాళ్ళ ఇంట్లో డబ్బు లేకపోయినా పెళ్ళి ఆగేది కాదు. ఎందుకంటే పెళ్ళి చేసేది ఆ ఇల్లు కాదు, ఊరు. నేడు మీ ఇంటికి, రేపు మా ఇంటికి. అది దానం కాదు, బదులు. వడ్డీ లేని బదులు.

ఇప్పుడు ఏం జరుగుతోంది? ఊరు పెళ్ళికి వస్తోంది, తింటోంది, చదివింపులు రాయించి పోతోంది. పని చేసేది మాత్రం అద్దెకొచ్చిన వాళ్ళు. ఒకప్పుడు మన చేతులు చేసిన ప్రతి పనికీ ఇప్పుడు ఒక రేటు ఉంది.

ఒక లెక్క వేద్దాం. ఏ ఇంటి లెక్కా కాదు, అర్థం కావడానికి అనుకుందాం. డీజేకి 25,000. షామియానా, లైట్లు, స్టేజీకి 30,000. ఫోటోలు, వీడియో, డ్రోన్‌కి 40,000. కార్డులు, ఫ్లెక్సీలకు 10,000. మందుకు 35,000. మొత్తం 1,40,000 రూపాయలు. గమనించండి, ఇందులో ఇంకా అన్నం లేదు, బట్టలు లేవు, పుస్తె లేదు. అంటే లక్షా నలభై వేలు పోయినా పెళ్ళి ఇంకా మొదలే కాలేదు.

ఈ డబ్బు నూటికి 3 రూపాయల వడ్డీకి తెచ్చారనుకోండి. నెలకు వడ్డీ 4,200. ఏడాదికి 50,400. రెండేళ్ళకు లక్ష దాటుతుంది, అసలు అట్లాగే ఉంటుంది. "పెళ్ళి ఒక్కసారే కదా" అంటారు. నిజమే, పెళ్ళి ఒక్కసారే. వడ్డీ మాత్రం నెలనెలా వస్తుంది. ఆ వడ్డీ కట్టడానికే కొత్త పెళ్ళికూతురు మిరప కోతలకు వలసపోతుంది. ఇంట్లో చదువుకునే తమ్ముడు మధ్యలో మానేస్తాడు. డీజే మోగింది ఒక్క రాత్రి.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఇదంతా తెలియక చేస్తున్నామా? కాదు. అందరికీ తెలుసు. మరి ఎందుకు ఆపలేం? ఒక్క ఇల్లు ఆపితే ఆ ఇంటికి పేరు పడుతుంది. "వాళ్ళ పిల్ల పెళ్ళికి డీజే కూడా పెట్టలేదంట" అంటారు. ఆ మాట అనేది ఎవరో బయటివాళ్ళు కాదు, మనమే. ఆ సిగ్గుకు భయపడి నాన్న షావుకారు ఇంటికి పోతాడు. సిగ్గును పుట్టించేది ఊరు. కాబట్టి దాన్ని తీసెయ్యాల్సిందీ ఊరే. ఒక్క తండ్రికి "ఖర్చు తగ్గించుకో" అని నీతులు చెప్తే లాభం లేదు. ఊరంతా కలిసి "మా ఊళ్ళో పెళ్ళి ఇట్లాగే జరుగుతుంది" అంటే, ఆ తండ్రి తల దించుకోనవసరం లేదు.

ఆ అధికారం మనకుంది. 1996లో వచ్చిన పెసా చట్టం మన ఆచారాలను కాపాడుకునే హక్కు గ్రామసభకు ఇచ్చింది. మత్తు పదార్థాల అమ్మకాన్ని అదుపు చేసే అధికారం, గిరిజనులకు ఇచ్చే వడ్డీ అప్పుల మీద అదుపు కూడా అందులోనే ఉన్నాయి. పెసా అంటే మనకు ఇసుక, గనులు గుర్తొస్తాయి. అది మన పెళ్ళి పందిరి దాకా వస్తుందని గుర్తు రాదు.

అందుకే నేను గ్రామసభ ముందు పెట్టమని అడిగేవి కొన్ని ఉన్నాయి.

మొదటిది బియ్యం. ఇంటికి రెండు కిలోలు. 40 గడపలున్న గూడెంలో 80 కిలోలు అవుతాయి. మనిషికి 150 గ్రాముల లెక్కన 500 మందికి 75 కిలోలు చాలు. అంటే అన్నం లెక్క అక్కడికి తీరిపోయింది. చదివింపుల్లో స్టీలు బిందెలు, గోడ గడియారాలు ఇచ్చే బదులు బియ్యం, పప్పు, నూనె ఇద్దాం. ఒక నోటుబుక్కులో రాసుకుందాం. ఎవరింటి పెళ్ళికి వాళ్ళకు తిరిగి వస్తుంది.

రెండోది సామాను. గంగాళాలు, గుండిగలు, గరిటెలు, పట్టాలు, నాలుగు బల్బుల తీగ. ఊరందరూ కలిసి ఒక్కసారి కొనుక్కుంటే ప్రతి పెళ్ళికీ అద్దె కట్టనక్కర్లేదు. మహిళా సంఘం దగ్గర పెడితే జాగ్రత్తగా ఉంటాయి. పెళ్ళికే కాదు, చావుకీ, పండక్కీ పనికొస్తాయి.

మూడోది పాట. డీజే వద్దు, మన డోలు కావాలి. యువతకు ఆట వద్దని చెప్పడం లేదు, నాకూ ఇష్టమే. కానీ డీజే డబ్బు పట్నం పోతుంది. అందులో కొంచెం మన డోలు కొట్టే వాళ్ళకు ఇస్తే డబ్బు గూడెంలోనే ఉంటుంది, వాయిద్యం కూడా బతుకుతుంది. ఆదిలాబాద్ వైపు మన గోండు బంధువుల పెళ్ళిళ్ళలో పెప్రె, కాలికోమ్ వాయించే పర్ధాన్, తోటి కళాకారులది కూడా ఇదే బాధ. పెళ్ళిళ్ళు పిలవకపోతే ఆ వాయిద్యాలు మ్యూజియంలో కనబడతాయి.

నాలుగోది మందు. ఇప్పసారా మన ఆచారంలో ఉంది, కాదనను. పెద్దలకు సాక పోసి, వియ్యంకులు పంచుకునేది. కేసులకు కేసులు బీరు తెచ్చి, తెల్లారి తగవు తీర్చుకునేది ఆచారం కాదు. అమ్మలు గట్టిగా తలూపుతున్నారు. నేను ఇంకేం చెప్పనవసరం లేదు.

అయిదోది రోజు. ముహూర్తం పంతులు చెప్పాడని చేతిలో పైసా లేని నెలలో పెళ్ళి పెట్టుకుంటున్నాం. మన పెద్దలు పంట ఇంటికొచ్చాక, ఇప్పపువ్వు ఏరాక పెట్టేవాళ్ళు. పత్తి డబ్బు ఎప్పుడొస్తుందో, తునికాకు డబ్బు ఎప్పుడొస్తుందో మనకు తెలుసు. ఆ తర్వాత పెట్టుకుందాం. ఇంకో సంగతి. హిందూ వివాహ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదని ఆ చట్టంలోనే రాసి ఉంది. మన ఆచారం ప్రకారం మన పెద్దలు చేసిన పెళ్ళి చెల్లుతుంది. ఫంక్షన్ హాలు, పంతులు ఉండాలని ఏ చట్టమూ అడగదు. కాకపోతే పెళ్ళిని రిజిస్టర్ చేయించుకోండి. రేపు ఆడపిల్లకు కష్టం వస్తే ఆ కాగితమే అక్కరకొస్తుంది.

ఇప్పుడు కల్యాణలక్ష్మి. తెలంగాణలో 2014లో 51,000 రూపాయలతో మొదలై 2018 నుంచి 1,00,116 అయింది. అది మన హక్కు, తప్పకుండా తీసుకోవాలి. మీసేవలో దరఖాస్తు చేయాలి. కులం, ఆదాయం, వయసు సర్టిఫికెట్లు, ఆధార్, అమ్మ పేరు మీద బ్యాంకు పాసుబుక్కు ముందే సిద్ధం చేసుకోండి. చదువుకున్న మనం ఒక్కొక్కరం రెండు ఇళ్ళ కాగితాలు చూసినా చాలు, దళారీకి పోయే డబ్బు మిగులుతుంది. కానీ ఒకటి గుర్తుంచుకోండి. దరఖాస్తు పెట్టాలి, విచారణ జరగాలి, మంజూరు కావాలి. చెక్కు పెళ్ళినాటికి చేతిలో ఉంటుందని అనుకోవద్దు. "చెక్కు వస్తుంది కదా" అని లక్ష అప్పు తెస్తే, చెక్కు వచ్చేలోపు అందులో వడ్డీయే చాలా తినేస్తుంది. ఆ డబ్బును వేడుకకు కాదు, కొత్త జంట బతుక్కి పెట్టుకోండి. రెండు మేకలు, ఒక కుట్టుమిషను, లేదంటే డిపాజిట్. అప్పు తప్పదనుకుంటే ముందు సంఘంలో అడగండి. రూపాయి వడ్డీకీ మూడు రూపాయల వడ్డీకీ మధ్య మీ చేను ఉంది.

ఇంక రెండు మాటలు చెప్పాలి. ఇవి కొంచెం కష్టమైనవి.

ఒకటి కట్నం. మన ఆచారంలో మగపిల్లవాడి వైపు వాళ్ళే ఓలి ఇచ్చేవాళ్ళు. ఆడపిల్ల చేతి కష్టానికి విలువ ఉందని ఒప్పుకోవడం అది. ఓలి పేరుతో పేదింటి పిల్లగాడిని అప్పులపాలు చేసినా తప్పే, పెద్దలు దాన్ని నామమాత్రం చెయ్యాలి. కానీ ఇప్పుడు వరస తిరగబడింది. ఉద్యోగం వచ్చిన మన అన్నలే బండి అడుగుతున్నారు, బంగారం అడుగుతున్నారు. రిజర్వేషన్ మీద ఉద్యోగం తెచ్చుకున్నప్పుడు ఆదివాసీ, పెళ్ళి మాటలప్పుడు మాత్రం కాదా? కట్నం ఇచ్చినా తీసుకున్నా 1961 చట్టం ప్రకారం నేరం. అంతకంటే ముందు అది మనది కాదు. ఇక్కడున్న చదువుకున్న తమ్ముళ్ళు ఈ ఒక్క మాట ఇవ్వాలి.

రెండోది, ఖర్చు తగ్గించే పేరుతో జరుగుతున్న ఒక అన్యాయం. అక్క పెళ్ళి పందిట్లోనే చెల్లికీ చేసేస్తే ఒకే ఖర్చులో రెండు పెళ్ళిళ్ళు అయిపోతాయి అంటారు. అక్కకు 20, చెల్లికి 15. ఆశ్రమ పాఠశాలలో తొమ్మిదో తరగతి చదివే పిల్ల సెలవులకు ఇంటికొచ్చి మళ్ళీ బడికి పోదు. మిగిలిన ఆ పందిరి ఖర్చు ఎంత? ఆ పిల్ల పోగొట్టుకున్నది ఎంత? పద్దెనిమిది నిండని పిల్లకు కల్యాణలక్ష్మి కూడా రాదు. పొదుపు అంటే డీజే మానెయ్యడం, చెల్లి చదువు మాన్పించడం కాదు. మీ గూడెంలో ఇట్లాంటి మాట వినబడితే ముందు ఆ ఇంటికి పోయి పెద్దలతో కూర్చుని మాట్లాడండి. వినకపోతే 1098కి ఫోన్ చెయ్యండి. పగ పట్టినట్టు కాదు, పిల్లను కాపాడుకున్నట్టు.

కొందరంటారు, "బయటివాళ్ళు ఆడంబరంగా చేసుకుంటే లేనిది, మేం చేసుకుంటే తప్పా? మేమెప్పుడూ పేదగానే కనబడాలా?" అని. మంచి ప్రశ్న. నేను పేదగా చేసుకోమనట్లేదు. 40 గడపలు కలిసి వండి, 500 మంది అడ్డాకు విస్తట్లో తిని, తెల్లవార్లూ రేలా ఆడిన పెళ్ళి పేద పెళ్ళి ఎట్లా అవుతుంది? ఆ పెళ్ళి తెల్లారి ఎవరికీ రూపాయి బాకీ లేకుండా కొత్త జంట తమ చేనుకు తామే పోతే, అంతకంటే గొప్ప ఏముంది?

తీర్మానం రాసేటప్పుడు రెండు జాగ్రత్తలు. సగం మంది ఆడవాళ్ళు కూర్చోకుండా రాయొద్దు. జరిమానాలు పెట్టొద్దు. జరిమానా కట్టగలిగిన వాడు కట్టి డీజే పెడతాడు, లేనివాడే నలుగుతాడు. తీర్మానాన్ని మొదట పాటించాల్సింది ఉన్నవాళ్ళు. ఉద్యోగస్తుల ఇళ్ళు, సర్పంచ్ ఇల్లు, ఈ వేదిక మీదున్న మా ఇళ్ళు. ఉన్నవాడు తగ్గించుకుంటే లేనివాడికి ధైర్యం వస్తుంది.

ఈ ఎండాకాలం పెళ్ళిళ్ళకు ఇంకా సమయం ఉంది. వచ్చే గ్రామసభ ఎజెండాలో దీన్ని పెట్టించండి. మీ గూడెంలో ఏం తీర్మానించారో, ఎక్కడ ఇబ్బంది వచ్చిందో మిగతా గూడేలకు చెప్పండి. జల్, జంగల్, జమీన్ అని నినాదం ఇస్తాం. ఆ జమీన్ మన పెళ్ళి పందిట్లో నుంచి జారిపోకుండా చూసుకుందాం.

జై ఆదివాసీ. జోహార్.