ఎండకూ నీడకూ ఆకు సర్దుబాటు

కోల్‌కతాలో 1917లో పరిశోధన సంస్థను స్థాపించిన ఆచార్య జగదీశ చంద్ర బోసు, హైడ్రిల్లా అనే నీటిమొక్క వెలుగులో విడిచే ప్రాణవాయువు బుడగలను స్వయంచాలక యంత్రంతో నమోదు చేశారు. కిరణజన్య సంయోగక్రియపై ఆయన గ్రంథం 1924లో వెలువడింది.

వెలుగు హెచ్చేకొద్దీ ఆకులో ఆహార నిర్మాణం హెచ్చుతుంది. కాని ఒక మేర దాటితే ఆ వెలుగే హాని చేస్తుంది. అందుచేత మందమైన వెలుగులో హరితరేణువులు కిరణాలకు ఎదురుగా పరచుకొంటాయి; తీవ్రమైన ఎండలో కణపు పక్కగోడలకు తొలగుతాయి. మిగులు శక్తిని ఆకు వేడిగా విడిచిపెడుతుంది.

మబ్బు కమ్మిన తరువాత కూడ ఈ రక్షణ కొంతసేపు కొనసాగుతుంది; ఆ మేరకు దిగుబడి తగ్గుతుంది. రక్షణ త్వరగా సడలేలా మార్చిన పొగాకు మొక్కలు పొలంలో సుమారు 15 శాతం అధికంగా పెరిగినట్లు అమెరికాలోని ఇల్లినాయ్ శాస్త్రజ్ఞులు 2016లో ప్రకటించారు.

వానకారు మబ్బుల కింద వరి పండించే వంగదేశపు రైతుకూ, గోదావరి రైతుకూ ఈ విషయం సమానంగా సంబంధించినదే.