రెండు గోరింకల కథ



గోరింకను ఎరగనివాళ్ళు మనలో లేరు. గోధుమరంగు ఒళ్ళు. నల్లటి తల. పసుపుపచ్చ ముక్కు, అదే రంగు కాళ్ళు. పొలంలో గొడ్ల వెంట తిరుగుతూ మిడతల్ని ఏరుకు తింటుంది. గోడ కంతల్లో గూడు పెడుతుంది.

ఈ గోరింకకు దూరదేశంలో ఒక చుట్టం ఉంది. దాని సంగతి ఇవాళ చెబుతాను.

ఇండోనేషియా దేశంలో బాలి అనే దీవి ఉంది. బాలి గోరింక పుట్టిల్లు అదొక్కటే. ఒళ్ళంతా మల్లెపువ్వులా తెలుపు. రెక్కల కొసలు, తోక కొస నలుపు. కంటిచుట్టూ నీలం. తలమీద కుచ్చు. ఆ దేశంవాళ్ళు 2003లో 200 రుపియాల నాణెం మీద దీని బొమ్మ వేశారు.

రెండూ ఒకే కుటుంబం పిట్టలు. ఒకటి ఊరూరా ఉంది. ఇంకొకటి ఎందుకు తగ్గిపోయింది?

మన గోరింక ఏది దొరికితే అది తింటుంది. ఎక్కడైనా బతుకుతుంది. బాలి గోరింక ఉండేది ఆ ఒక్క దీవి అడవిలోనే. ఆ అడవిని కొట్టి పొలాలు, ఊళ్ళు చేశారు. పైగా దాని అందమే దానికి శత్రువైంది. డబ్బున్నవాళ్ళు పంజరంలో పెట్టుకోవాలని మోజుపడ్డారు. వేటగాళ్ళు పట్టి అమ్మారు. పట్టకూడదని 1970లోనే చట్టం వచ్చింది. అయినా ఆగలేదు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 1994లో దీన్ని తీవ్ర ప్రమాదంలో ఉన్న పిట్టల జాబితాలో చేర్చింది. మన గోరింక మాత్రం ముప్పులేని జాబితాలో ఉంది.

1999లో దొంగలు ఆయుధాలతో వచ్చారు. అడవిలో వదలడానికి పెంచుతున్న పిట్టల్ని ఎత్తుకుపోయారు. 2001 నాటికి అడవిలో మిగిలినవి ఆరంటే ఆరు!

అయినా జనం చేతులు ముడుచుకు కూర్చోలేదు. పెంచిన పిట్టల్ని మళ్ళీ అడవిలో వదిలారు. 2006లో పక్కనున్న నూసా పెనిడా దీవిలో కూడా వదిలారు. అక్కడి ఊళ్ళవాళ్ళు కూర్చుని మాట్లాడుకున్నారు. ఈ పిట్టను ఎవరూ పట్టకూడదు, అమ్మకూడదు అని కట్టుబాటు చేసుకున్నారు. చట్టానికి ఊరి మాట తోడయింది. పిట్టలు మెల్లగా పెరిగి వందల్లోకి వచ్చాయి.

మన తూర్పు కనుమల్లో కొండ గోరింక ఉంది. మనిషిలా మాట్లాడుతుందని దాన్నీ పట్టి అమ్ముతారు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం.

సంతలో పంజరం చూసి పిల్లలు పిట్ట కావాలని మారాం చేస్తారు. అప్పుడు వాళ్ళకు ఆ ఆరు పిట్టల సంగతి చెప్పండి. కొనేవాళ్ళు లేకపోతే పట్టేవాళ్ళూ ఉండరు.