ముచుకుందా నది వెంట



ఈ బోరబండ గుట్టల మీద పడిన వానచినుకు ఎక్కడికి పోవునో ఎన్నడైనను ఆలోచించితిరా? నాలాల వెంట జారి హుస్సేన్ సాగరము చేరును. అచ్చట పొంగిన నీరు మూసీలో కలియును. కనుక ఆ నదికి మనము పరాయివారము కాము.

మూసీ యనగా మురికి యని నేటి పిల్లల తలపు. పెద్దలు దానిని ముచుకుందా నది యనిరి. గుహలో నిద్రించుచున్న ముచుకుంద మహారాజు చూపునకు కాలయవనుడు భస్మమైన కథ భాగవత దశమస్కంధమున కలదు. పిదప దర్శనమిచ్చిన శ్రీకృష్ణుని పాదములను రాజు కడుగగా ఆ జలమే నదియై పారినదని అనంతగిరి ప్రాంతమున చెప్పుకొందురు.

వికారాబాదు చెంతనున్న ఆ అనంతగిరి నుండియే మేము బయలుదేరితిమి. అనంతపద్మనాభస్వామిని సేవించి, కొండవాగు నీటిని రాగిచెంబున నింపుకొంటిమి. కొంత బస్సులో, కొంత కాలినడకన సాగితిమి. వయస్సు డెబ్బది దాటినది గదా! 1908 సెప్టెంబరు 28న ఈ నదియే పొంగి వేలమందిని పొట్టనబెట్టుకొన్నది. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సూచనల మేరకు 1920 నాటికి గండిపేట కట్ట లేచినది. బాపూఘాట్ వద్ద ఈసీ వచ్చి కలియును. అటుపిమ్మట నగరము.

చాదర్‌ఘాట్ వంతెన మీద ముక్కునకు ఉత్తరీయము అడ్డుపెట్టుకొంటిమి. సంధ్యాసమయమైనది. నదిలో దిగలేక, ఆచమనమును చెంబునీటితో కానిచ్చితిమి. చెంబులోనిదీ ఆ నది నీరే! మనస్సు చివుక్కుమన్నది.

నీటిలో మలమూత్రములను, ఉమ్మిని, విషమును విడువరాదని మనువు నాల్గవ అధ్యాయమున నిషేధించెను. దీనిని శిష్యులకు ఎన్ని పర్యాయములు పాఠము చెప్పితిమో! అయినను పూజానిర్మాల్యమును ప్లాస్టిక్ సంచిలో కట్టి వంతెన మీదనుండి విసరినవారిలో మేమును ఉంటిమి. నిర్మాల్యము పవిత్రమే గదా యనుకొంటిమి. సంచి సంగతి తోచలేదు.

నగరము దాటిన పిదప నురుగు. ఆ నీటితోనే రైతులు గడ్డి, వరి పండించుచున్నారు. వారికి వేరు గతి లేదు. సూర్యాపేట చేరువ సోలిపేట వద్ద 1963లో నిర్మించిన జలాశయమున నది కొంత నిలుచును.

తుదకు వాడపల్లి. అచ్చట మూసీ కృష్ణలో లీనమగును. అగస్త్యేశ్వరుని శిరస్సున గల గుంటలో నీరు ఎంత తోడినను తరుగదందురు. నరసింహస్వామి ముఖము ఎదుటి దీపము ఉచ్ఛ్వాస నిశ్శ్వాసములు సోకినట్లు కదలునందురు. సంగమమున మునిగి లేచిన ఒక అవ్వ "ఏ ఊరు అయ్యగారు మీది?" అని అడిగినది. హైదరాబాదు అంటిమి. "గట్లనా! ఈ నీళ్ళు మీ దిక్కు నుంచి వచ్చినయే గద" అన్నది.

మాకు మాట పెగలలేదు. చెంబున మిగిలిన అనంతగిరి జలమును సంగమమున వదలితిమి.

తిరిగి వచ్చిన మరునాడే ఆలయ ట్రస్టువారితో మాట్లాడితిమి. ఆవరణలో ఈశాన్యము విడిచి ఒక గుంట త్రవ్వించుచున్నారు. మీ ఇండ్లలోని నిర్మాల్యమును సంచి లేకుండ అందులో వేయుడు. తులసివనమునకు ఎరువగును.