లారీ స్టీరింగ్ పట్టే ముందు

మా ఉద్దనపల్లిలో పాత విద్యార్థి ఒకడు అడిగాడు: "సార్, మామ లారీలో క్లీనరుగా చేరి నేర్చుకోనా, డ్రైవింగ్ స్కూల్లో డబ్బు కట్టనా?"

రెండూ కావాలి నాయనా అన్నాను. టైరు, తాడు, లోడు సంగతి మామ నేర్పుతాడు. లైసెన్సుకు మాత్రం 1988 మోటారు వాహనాల చట్టం ఉంది. 20 ఏళ్లు నిండాలి, కారులాంటి తేలిక బండి లైసెన్సు తీసుకుని ఏడాది గడవాలి, స్కూలు సర్టిఫికెట్టూ చూపాలి.

స్కూల్లో ఫీజు ఒక్కటే అడగకు. స్టీరింగ్ నా చేతికి ఎన్ని గంటలిస్తారు, దిగుడులో బండి నడపడం నేర్పుతారా అని అడుగు. ధర్మపురి దాటాక తొప్పూరు కనుమ ఉంది కదా. డీజిలు మిగులుతుందని అక్కడ న్యూట్రల్లో దిగితే బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. అవి వేడెక్కితే పట్టవు. చిన్న గేరులోనే దిగాలి. ఈ పాఠం చెప్పనిచోట డబ్బు కట్టకు. సెలవు.